పీడీఎఫ్ లింక్ నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకుంటోంది, నేరుగా డౌన్‌లోడ్ అయ్యేలా చేయడం ఎలా?

అందరికీ నమస్కారం. మా సైట్‌లో దరఖాస్తు ఫారాలు పీడీఎఫ్‌లుగా పెట్టాం. లింక్ నొక్కగానే ఫైల్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటోంది. చాలామంది అక్కడే ఖాళీలన్నీ నింపేసి, సేవ్ చేయకుండా ట్యాబ్ మూసేసి, "నింపిందంతా పోయింది" అని మెయిల్ పెడుతున్నారు. వర్డ్ ఫైళ్లతో ఈ గొడవే లేదు, అవి వాటంతటవే దిగిపోతున్నాయి.

లింక్ ట్యాగ్‌లో డౌన్‌లోడ్ అట్రిబ్యూట్ పెట్టి చూశాను. పేజీ ఉన్న డొమైన్‌లోని ఫైళ్లకు చక్కగా పనిచేస్తోంది. కానీ ఎక్కువ ఫైళ్లు వేరే సబ్‌డొమైన్‌లో ఉన్నాయి. ఆరిజిన్ (ఫైల్ వచ్చే సైట్ చిరునామా) మారితే బ్రౌజర్ ఆ అట్రిబ్యూట్‌ను పట్టించుకోదు కదా, కథ మళ్లీ మొదటికొచ్చింది. జిప్ చేసి పెట్టమని ఒకరన్నారు గానీ, ఫోన్‌లో చూసేవాళ్లకు అది ఇంకో తలనొప్పి.

ఇక మిగిలింది సర్వర్ నుంచే కంటెంట్-డిస్పోజిషన్ హెడర్‌లో (ఫైల్‌ను చూపించాలా, దింపాలా అని బ్రౌజర్‌కు చెప్పే సమాచారం) అటాచ్‌మెంట్ అని, అంటే దింపమని, పంపడం. సర్వర్ సాఫ్ట్‌వేర్ అపాచీ, అందులో హెడర్లు పెట్టనిచ్చే మాడ్ హెడర్స్ ఆన్‌లోనే ఉంది. హెచ్‌టీయాక్సెస్‌లో (ఫోల్డర్‌లో పెట్టే అపాచీ సెట్టింగుల ఫైల్) ఫైల్స్‌మ్యాచ్ (పేరును బట్టి ఫైళ్లకు వర్తించే నియమం) రాసి పీడీఎఫ్‌లన్నిటికీ ఒకేసారి పెట్టేస్తే, ఇంకో పేజీలో ఐఫ్రేమ్‌లో (పేజీ లోపలే ఇంకో ఫైల్‌ను చూపే చట్రం) చూపిస్తున్న కరపత్రం కూడా కనబడకుండా డౌన్‌లోడ్ అయిపోతుందేమోనని నా భయం. ఫారాలకు విడిగా ఫోల్డర్ చేసి, దానికే ఈ హెడర్ పెట్టడం మంచిదా? లేక లింక్ చివర ఏదైనా క్వెరీ (ప్రశ్నార్థకం తర్వాత వచ్చే భాగం) ఉంటేనే హెడర్ వెళ్లేలా షరతు రాయొచ్చా?

ఇంకొకటి, దిగే ఫైల్‌కు తెలుగు పేరు రావాలి. ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి, యూటీఎఫ్-8లో పర్సెంట్ ఎన్‌కోడింగ్‌తో (అక్షరాలను % గుర్తుతో కోడ్‌లుగా రాయడం) పేరు ఇవ్వాలని చదివాను. పీహెచ్‌పీ ప్రోగ్రామ్ జోలికి పోకుండా అపాచీలోనే అది చేసినవాళ్లెవరైనా ఉంటే, మీరు రాసిన నియమం ఇక్కడ పెట్టగలరా?