అప్‌డేట్: అమ్మగారి మోకాళ్ల నొప్పికి తైల మర్దన

64 ఏళ్ల మా అమ్మగారి మోకాళ్ల నొప్పికి ఏ తైలం వాడాలని గుంటూరు బ్రాడీపేట నుంచి 2 నెలల క్రితం ఇక్కడ అడిగాను. మహానారాయణ తైలం అనే ఆయుర్వేద నూనె మంచిదని, అయితే ముందు వైద్యులకు చూపించమని మీరు సూచించారు. ఆ రెండో మాటను నేను పెడచెవిన పెట్టాను.

మొదటి వారంలోనే ఎడమ మోకాలు వాచి, చేయి వేస్తే వెచ్చగా తగులుతున్నా, గట్టిగా రుద్దితే తగ్గుతుందనుకుని అరగంట మర్దన చేశాను. మరునాడు అమ్మ మంచం దిగలేకపోయారు. ఆయుర్వేద వైద్యురాలు ఎక్స్‌రే, రక్తపరీక్షలు చేయించి, ఇది అరుగుదల వల్ల వచ్చిన సంధివాతమే గాని ఆమవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి కీళ్లవాపు జబ్బు) కాదని తేల్చారు. ఆమవాతంలో కీళ్లు వాచి ఉన్న దశలో తైలం రాయకుండా, వేయించిన ఇసుకను మూటగట్టి పొడి కాపడం పెడతారని వివరించారు.

వాపు తగ్గాక మళ్లీ మొదలుపెట్టాము. రెండు చెంచాల తైలాన్ని గిన్నెతో సహా వేడినీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, మోకాలిచిప్ప చుట్టూ గుండ్రంగా, తొడ మీద నిలువుగా 15 నిమిషాలు మెల్లగా రాస్తున్నాను. అరికాళ్లకు అంటిన జిడ్డును పూర్తిగా తుడిచిన తరువాతే అమ్మను గచ్చు మీద అడుగు వేయనిస్తున్నాను; ఈ వయసులో జారిపడడం నొప్పి కంటే పెద్ద ప్రమాదం. కుర్చీలో కూర్చుని కాలు చాపి నిలిపే వ్యాయామం కూడా రోజూ చేయిస్తున్నాను.

అరిగిన గుజ్జు తైలంతో తిరిగి రాదని వైద్యురాలు స్పష్టంగానే చెప్పారు. అయినా ఉదయం పూట బిగుతు బాగా తగ్గింది. మొన్న శుక్రవారం అమ్మ రెయిలింగు పట్టుకుని మేడ ఎక్కి, తులసికి స్వయంగా నీళ్లు పోశారు.