చిన్న వ్యాపారానికి ఇంటర్నెట్ ప్రచారం: మీరు ఎక్కడ మొదలుపెట్టారు, ఎలా నేర్చుకున్నారు?

పొడుల_ఇల్లు_నెల్లూరు
అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా ఇంట్లోనే పొడులు చేసి అమ్ముతున్నాను. నల్లకారం, కందిపొడి, కరివేపాకు పొడి, ఎండు రొయ్యల పొడి. మిరపకాయలు స్టోన్‌హౌస్‌పేటలో కొంటాను. సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు. ఇన్నాళ్ళూ ఆ నోటా ఈ నోటా విని వచ్చినవాళ్ళతోనే నడిచింది. కిందటి ఏడాది అమ్మకాలు తగ్గాయి. ఇంటర్నెట్‌లో ప్రచారం చేసిపెడతామన్న ఒక సంస్థకు మూడు నెలలకు 24,000 రూపాయలు కట్టాను. పేజీకి ఆరు వేల లైకులు వచ్చాయి. అందులో మన జిల్లా వాళ్ళను వెతికితే వంద మంది కూడా కనిపించలేదు. ఆ దారిన వచ్చిన ఆర్డర్లు తొమ్మిది.

డబ్బు పోయినందుకు బాధే. అయితే వాళ్ళు ఏం చేశారో అడిగి తెలుసుకోవడానికి కూడా నాకు మాటలు తెలియకపోవడం ఇంకా ఎక్కువ బాధించింది. ఇక నేనే నేర్చుకుంటాను. ఇంటర్ వరకు చదివాను, ఫోను బాగా వాడతాను, రోజుకు ఒక గంట ఇవ్వగలను. దేనితో మొదలుపెట్టాలి?

చీరల_అంగడి_ఒంగోలు
అక్కా, ముందు గూగుల్ మ్యాప్స్‌లో మీ వ్యాపారం పేరు నమోదు చేసుకోండి. దాన్ని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు. పైసా ఖర్చు లేదు. నన్ను వీడియోతో ధ్రువీకరించమన్నారు. వీధి, అంగడి బోర్డు, షట్టరు తాళం తీయడం, లోపల బిల్లు రాసే బల్ల, అన్నీ ఒకే వీడియోలో ఆపకుండా చూపించాను. మీరు ఇంటి నుంచి చేస్తున్నారు కాబట్టి చిరునామా బయటికి కనిపించకుండా దాచి, సరుకు చేరవేసే ప్రాంతాలు మాత్రం ఇచ్చే వీలుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. బోర్డు మీద లేని మాటలు పేరులో చేర్చాను, 'ఒంగోలులో తక్కువ ధర పట్టుచీరలు' అని. కొన్నాళ్ళకు ప్రొఫైల్ నిలిపివేశారు. బోర్డు ఫోటో, జీఎస్టీ పత్రం పంపి తిరిగి తెచ్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ శ్రావణ మాసంలో పడ్డాయి. పేరు ఉన్నది ఉన్నట్టే రాయండి.

చెక్క_గరిటెలు_ఉదయగిరి
మాది చెక్క పని. గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు. మా ఊరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మా నాన్న కాలంలో కొండ ఎక్కి కోట చూడటానికి వచ్చినవాళ్ళూ, ఎగ్జిబిషన్లలో కొనేవాళ్ళూ ఉండేవారు. నేను ఇన్‌స్టాగ్రామ్ మొదలుపెట్టాను. ఉలితో చెక్కుతున్న వీడియోలు పెడితే బాగా చూశారు. ఒకదాన్ని రెండు లక్షల మంది చూశారు. ఎంత బాగుందో అని రాసినవాళ్ళు వందల్లో ఉన్నారు. కొన్నవాళ్ళు నలుగురు.

అప్పుడు మా అత్తయ్య ఒక మాట అంది: "పని చూసి ముచ్చటపడేవాళ్ళు వేరు, వంటింట్లో గరిటె విరిగినవాళ్ళు వేరు." ఆ మాట పట్టుకుని ఫోటోల కింద రాతలు మొత్తం మార్చాను. కళ, సంప్రదాయం అని రాసినచోట 'నాన్‌స్టిక్ పెనానికి గీతలు పడవు, పిడి వేడెక్కదు, పొడవు పన్నెండు అంగుళాలు, ధర ఇంత' అని రాశాను. పక్కన చేయి పెట్టి ఫోటో తీశాను, పరిమాణం తెలియడానికి. చూసేవాళ్ళు తగ్గారు. ఆర్డర్లు మాత్రం నెలకు నలభై దాటాయి. బెంగళూరు నుంచి ఒక హోటలు వాళ్ళు ఉప్పు స్పూన్లు రెండు వందలు తీసుకున్నారు.

అందుకే అక్కా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ పొడులకు డబ్బులిచ్చేది ఎవరు? తినేవాళ్ళు కాదు, డబ్బులిచ్చేవాళ్ళు.

గ్రానైట్_చీమకుర్తి
పై ప్రశ్న నన్ను కూడా ఎవరైనా ముందే అడిగి ఉంటే బాగుండేది. మేము బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలకలు లారీల లెక్కన అమ్ముతాం. గూగుల్‌లో ప్రకటన ఇచ్చి, ఏ మాట వెతికితే అది కనిపించాలో అన్నచోట 'గ్రానైట్' అన్న ఒక్క మాట పెట్టాను. నాలుగు రోజుల్లో 8,000 రూపాయలు ఖర్చయ్యాయి. ఎవరు ఏం వెతికి నా ప్రకటన నొక్కారో చూపించే నివేదిక ఒకటి ఉంటుంది. అది తెరిచి చూస్తే వంటగది గట్టుకు చదరపు అడుగు ఎంత, గ్రానైట్ ఉద్యోగాలు, గ్రానైట్ మీద మరకలు పోవాలంటే ఏం చేయాలి, ఇవే ఉన్నాయి. ఒక్కో నొక్కుకూ నేను డబ్బు కట్టాను.

గూగుల్ ప్రకటనల జోలికి వెళ్ళేవాళ్ళు రెండు విషయాలు తప్పకుండా నేర్చుకోండి. ఒకటి, ఏ మాటలు వెతికినవాళ్ళకు మన ప్రకటన కనిపించకూడదో ముందే చెప్పవచ్చు. వాటిని నెగటివ్ కీవర్డ్స్ అంటారు. ఉద్యోగం, జీతం, మరకలు, ఇలాంటివన్నీ అందులో వేయాలి. రెండు, ప్రాంతం ఎంచుకున్నా, మామూలుగా ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళతో పాటు దాని మీద ఆసక్తి చూపిన బయటివాళ్ళకు కూడా ప్రకటన వెళుతుంది. అక్కడ ఉన్నవాళ్ళకు మాత్రమే అని మనమే మార్చాలి. ఇవన్నీ గూగుల్ వాళ్ళ స్కిల్‌షాప్ అనే వెబ్‌సైటులో ఉచితంగా నేర్పుతారు. నేను మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రోజుకు ఒక పాఠం చొప్పున చదివాను. ఫేస్‌బుక్ వాళ్ళకు కూడా బ్లూప్రింట్ అని ఉచిత పాఠాలు ఉన్నాయి.

ఏసీ_రిపేరు_కందుకూరు
నాకు పాఠాలు తెలియవు. ఫోను మోగితే ఎత్తుతాను. పని మీద ఉంటే పది నిమిషాల్లో తిరిగి చేస్తాను. పని అయ్యాక మ్యాప్స్‌లో నాలుగు మాటలు రాయమని అక్కడికక్కడే అడుగుతాను. రెండేళ్ళలో 180 మంది రాశారు. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్ళలో ఎక్కువ మంది అవి చదివి వచ్చినవాళ్ళే.

మొబైల్_షాపు_పొదిలి
నెల్లూరు అక్కా, ముందు ఒకటి చూసుకోండి. ఆ సంస్థ తయారుచేసిన పేజీ ఎవరి పేరు మీద ఉంది? మా ఊళ్ళో మిఠాయి కొట్టు నడిపే పెద్దాయనకు ఇలాగే జరిగింది. పేజీ, ప్రకటనల ఖాతా రెండూ ప్రచారం చేసినవాళ్ళ పేరు మీదే ఉన్నాయి. ఒప్పందం ముగిశాక పాస్‌వర్డులు ఇవ్వలేదు. మూడేళ్ళ ఫోటోలు, కస్టమర్ల సందేశాలు అన్నీ పోయాయి. ఖాతా ఎప్పుడూ మన పేరు మీద, మన ఫోను నంబరు మీద ఉండాలి. పనిచేసేవాళ్ళకు అనుమతి మాత్రం ఇవ్వాలి, వద్దనుకున్న రోజు తీసేయాలి.

వాట్సాప్‌కు వచ్చే ఆరు అంకెల కోడ్ ఎవరు అడిగినా చెప్పవద్దు. రెండంచెల ధ్రువీకరణ, అంటే ఆ కోడ్‌తో పాటు మనం పెట్టుకున్న పిన్ కూడా అడిగే ఏర్పాటు, ఈ రోజే పెట్టుకోండి. వ్యాపారం మొత్తం ఆ నంబరు మీదే ఉంటుంది కదా.

పట్టు_నేత_కావలి
ఇన్‌స్టాగ్రామ్ దండగ అన్నట్టు అర్థం చేసుకోవద్దు అక్కా. నా అమ్మకాల్లో సగం రాత్రి తొమ్మిదింటికి పెట్టే లైవ్‌లోనే. కొంగు పూర్తిగా విప్పి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, పగటి వెలుగులో తీసిన ఫోటో ఒకసారి చూపిస్తాను, రంగు విషయంలో తర్వాత మాట రాకూడదని. చీర కళ్ళతో చూసి కొనేది. మీ పొడి నాలుకతో కొనేది. దారులు వేరుగానే ఉంటాయి. సరుకు చేరాక డబ్బు అనే పద్ధతి మాత్రం పెట్టవద్దు. పది పంపితే మూడు వెనక్కి వచ్చేవి, రానుపోను పార్సిల్ ఖర్చు నామీదే పడేది.

పొడుల_ఇల్లు_నెల్లూరు
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఉదయగిరి అన్నా, మీ ప్రశ్నకు వెంటనే జవాబు రాయలేకపోయాను. పాత నోటు పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నాను. రెండేళ్ళ ఆర్డర్లు చూస్తే, కొన్నవాళ్ళలో ఎక్కువ మంది నలభై అయిదు, యాభై దాటిన అమ్మలు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్లో ఉంటారు, లేదా అమెరికా వెళుతుంటారు. జూలై, ఆగస్టుల్లో కిలోల లెక్కన తీసుకున్నారు. అమెరికా చదువులకు బయలుదేరే నెలలు అవే. ఆ సంస్థ నా ప్రకటనలు పెట్టింది ఇరవై ఏళ్ళ పిల్లలకు, ఇన్‌స్టాగ్రామ్‌లో. కొనే అమ్మలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ఉన్నారు.

పేజీ వాళ్ళ పేరు మీదే ఉంది పొదిలి తమ్ముడూ. అడిగితే ఇంకా ఇవ్వలేదు. కొత్తది పెట్టుకుంటున్నాను. నెల తర్వాత మళ్ళీ రాస్తాను.

పొడుల_ఇల్లు_నెల్లూరు
నెల అయింది, చెప్పినట్టే రాస్తున్నాను. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్, అంటే ఫోటోలతో సరుకుల జాబితా పెట్టాను. ఒక్కో పొడికి బరువు, ధర, ఎన్నాళ్ళు నిలువ ఉంటుందో రాశాను. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీశాను. అది చూశాకే ధైర్యంగా ఆర్డరు ఇచ్చామని ఇద్దరు చెప్పారు.

వాట్సాప్‌లో ఒకే సందేశాన్ని చాలా మందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలు ఉంటాయి. ఒక్కోదానిలో 256 మంది వరకు చేర్చవచ్చని చదివి, పాత నంబర్లన్నీ ఎక్కించాను. మొదటి సందేశం చాలా మందికి చేరనే లేదు. మన నంబరు వాళ్ళ ఫోనులో ఉంటేనే చేరుతుందట. ఇప్పుడు ప్రతి డబ్బాతో ఒక చీటీ పెడుతున్నాను: 'ఈ నంబరు దాచుకోండి, తాజాగా దంచిన రోజు తెలియజేస్తాం.'

ఫేస్‌బుక్‌లో పోస్టు కింద ఉండే 'బూస్ట్' బటన్ నొక్కకుండా, ప్రకటనలు ఎవరికి చూపాలో వివరంగా ఎంచుకునే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్ళి, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే ప్రకటన ఒకటి పెట్టాను. నెల్లూరు చుట్టుపక్కల, నలభై దాటిన ఆడవాళ్ళకు. రోజుకు 150 చొప్పున పది రోజులు. పైన 18 శాతం జీఎస్టీ పడింది, మీరూ లెక్కలో వేసుకోండి. ప్రకటనలో రాసింది ఒక్కటే: 'అమెరికా పెట్టెలో కారిపోకుండా ప్యాక్ చేసి ఇస్తాం.'

వచ్చిన ప్రతివాళ్ళనూ మా గురించి ఎలా తెలిసిందని అడిగి పుస్తకంలో రాశాను. నెలలో 63 ఆర్డర్లు. పాతవాళ్ళు చెబితే వచ్చినవి 29, ఆ ప్రకటన చూసి 17, వాట్సాప్ సందేశం వల్ల 12, మ్యాప్స్‌లో చూసి 5. నా చేత్తో రాసుకున్న ఆ కాగితం చూస్తే ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఎక్కడ ఏం జరిగిందో ఇప్పుడు నాకు తెలుసు.

ఉదయగిరి అన్నా, ఒక చిన్న కోరిక. పావు కిలో డబ్బాలో పట్టే గరిటెలు చేస్తారా? పిల్లలు హాస్టల్లో తడి స్పూను పెట్టి పొడి పాడుచేసుకుంటున్నారని అమ్మలు చెబుతున్నారు. మొదట ముప్పై కావాలి.

చెక్క_గరిటెలు_ఉదయగిరి
చేస్తాం అక్కా. నాలుగు అంగుళాలైతే మూత పడుతుందా? డబ్బా లోపలి ఎత్తు కొలిచి పంపండి, శనివారానికి రెండు నమూనాలు బస్సులో వేస్తాను.