సమస్య: “మంచు కురియు వేళ ముంచెఁ జెమట”

ఈ వారం సమస్యగా ఇచ్చిన పాదం ఆటవెలది పద్యంలో నాలుగోది; ముందు మూడు పాదాలు రాసి దాన్ని పూరించాలి. దత్తాంశం, అంటే రాయాల్సిన వస్తువు, స్కాట్లాండులో పదిహేనేళ్ల ప్రాయపు తొలిప్రేమ. నవ్వు రావాలి గాని ఆ పిల్లలు చిన్నబోకూడదు. “మ”కు “ము”తో యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) కుదరదు కదా అని ఒకరు అప్పుడే అడిగారు. అది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం: మంచు, ముంచె.

గ్లాస్గో సోదరుడి పూరణ

క్రిస్మస్ సెలవుల ముందు ఇక్కడి బడుల్లో వ్యాయామం తరగతిలో కేలీ నృత్యాలు (స్కాట్లాండు జానపద నృత్యాలు) నేర్పుతారు. ఒక గోడ వెంట అబ్బాయిలు, ఎదుటి గోడ వెంట అమ్మాయిలు నిలబడతారు. జోడీ కట్టమని టీచరు చెప్పగానే అందరూ నేల చూపులు చూస్తారు.

ఆట గదిని నిలిచి యమ్మాయి చెయి చాప
తుడిచె లాగు కేసి తొలుత చేయి
తుడిచి చూడ మరల తడియాయె నరచేయి
మంచు కురియు వేళ ముంచెఁ జెమట

*నా మాట:* తమ్ముడూ, లాగుకేసి చేయి తుడుచుకోవడం దగ్గర ఆగిపోయాను. ఇది చూసిన వాళ్లకే దొరికే పాదం. చిక్కల్లా కర్త దగ్గరే. చెయ్యి చాపింది అమ్మాయి, తుడిచింది ఎవరు? చదివితే అదీ అమ్మాయే అనిపిస్తుంది. మొదటి పాదం ఇలా మార్చి చూడండి:

ఆమె చేయి చాప నా కుర్రవాఁ డట్టె

గది పోయిందని బాధపడకండి, మీ ముందుమాటలో బడి ఎలాగూ ఉంది.

*అబెర్డీన్ అక్కయ్య:* నాకు నచ్చింది వేరే. చెమట నాట్యానికి ముందే పట్టింది. ‘స్ట్రిప్ ద విల్లో’లో జోడీలు మోచేతులు పెనవేసి గిరగిరా తిరుగుతారు, అప్పుడు ఎవరికైనా చెమట పడుతుంది. అది రాస్తే సమస్యలో విరోధమే ఉండదు. ‘గే గోర్డన్స్’లో అయితే అబ్బాయి కుడిచేయి ఆమె భుజం మీదుగా పోయి ఆమె కుడిచేతిని అందుకోవాలి. తడి అరచేయి దాచుకునే వీలే లేదు, పాపం!

ఎడిన్‌బరో కొత్త సభ్యుడి పూరణ

చిప్సు పొట్ల మిచ్చి చేతికి నవ్వఁగా
సాసు మరక పడెను చొక్కమీద
తుడువ నామె వంగఁ దోవ తోఁచక నిల్వ
మంచు కురియు వేళ ముంచెఁ జెమట

*నా మాట:* రెండో పాదంలో యతి తప్పింది. “సా”కు “చొ” చెల్లదు, హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. మాటలు అటూ ఇటూ చేస్తే చాలు: “చొక్కమీఁద సాసు చుక్క పడియె”. మరక కన్నా చుక్క మేలు. ఒక్క చుక్కకే అంత కంగారు!

*గ్లాస్గో సోదరుడు:* చిప్సు మీద సాసు ఏమిటండీ? ఉప్పూ వెనిగరూ కదా!

*ఎడిన్‌బరో సభ్యుడు:* మా ఊళ్లో ఉప్పూ సాసూనే అన్నయ్యా. వెనిగరయితే చొక్కా మీద కనబడదు, ఆ అమ్మాయి వంగనే వంగదు.

రాజమహేంద్రవరం మాస్టారి పూరణ

చందమామ వంటి సఖి మోముఁ గనినంత
గుండె యదరె, నాగె గొంతులోనె
మాట, వీధి చివరి మలుపు కడ నిలువ
మంచు కురియు వేళ ముంచెఁ జెమట

*అబెర్డీన్ అక్కయ్య:* మాస్టారూ, “గొంతులోనె” అని పాదం ఆగి, “మాట” తరువాతి పాదంలోకి జారడం ఎంత బాగుందో! మాట నిజంగానే గొంతులో ఆగింది. కాని మొదటి పాదం ఏ ఊరి పిల్లకైనా సరిపోతుంది. డిసెంబరులో మాకు మూడున్నర లోపే పొద్దు గుంకుతుంది. బడి విడిచేసరికి వీధి దీపాలు వెలుగుతుంటాయి. ఉన్ని టోపీకీ మఫ్లరుకీ మధ్య పిల్లల మొహాల్లో కనబడేది ముక్కు ఒక్కటే.

*మాస్టారు:* అమ్మా, నేను ఆ చలి ఎరగను. ఇది సరిపోతుందా?

చలికి నెఱ్ఱనైన సఖి ముక్కుఁ గనినంత

*నా మాట:* సరిపోవడమా మాస్టారూ! చందమామను చూసి గుండె అదరడం కావ్యాల్లో బోలెడు చూశాం. ఎర్రబడిన ముక్కును చూసి అదిరితేనే అది పదిహేనేళ్ల ప్రేమ.

అబెర్డీన్ అక్కయ్య పూరణ

స్కాట్లాండు కవి రాబర్ట్ బర్న్స్ 1759లో ఎయిర్‌షైర్‌లో రైతుబిడ్డగా పుట్టాడు. కోతల్లో ఆడా మగా జంటగా పనిచేయడం అక్కడి వాడుక. తన 15వ శరత్తులో తనకు జతపడిన, ఏడాది చిన్నదైన అమ్మాయి చేతిలోని ముళ్లు తీస్తుంటే నాడి దడదడ కొట్టుకుందని, 1787లో డాక్టర్ జాన్ మూర్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు. తొలి పాట ఆమె కోసమే కట్టాడు. ఆ ముళ్లలో థిసిల్ కూడా ఉంది, స్కాట్లాండు జాతీయ చిహ్నం!

*నా మాట:* అక్కయ్యా, మీరు మొదట పంపిన పూరణలో మూడో పాదం “ముల్లు తీయుచుండ ముఖమెల్ల నెఱ్ఱనై”. ఛందస్సుకు లోటు లేదు. కాని కోతల కాలంలో మంచు కురవడం దేశకాల విరోధం. ఈ వస్తువును వదలకండి, ఇంకో రోజు తీసుకోండి.

*అక్కయ్య, మరునాడు:*

కోత వేళ ముల్లు గుచ్చిన చెలి చేయి
పట్టి తీసినట్టి బాలకవికి
తలఁచుకొనఁగ గుండె దడదడ లాడెను
మంచు కురియు వేళ ముంచెఁ జెమట

*నా మాట:* ముల్లు శరత్తులో, చెమట హేమంతంలో. మధ్యలో ఉన్నది “తలఁచుకొనఁగ” అన్న ఒక్క మాట. ముల్లు ఆమె చేతి నుంచి వచ్చేసింది, ఇతనిలో మాత్రం ఇంకా ఉంది. దిద్దడానికి నాకేమీ మిగలలేదు అక్కయ్యా.