మోకాళ్ల సర్వే: పరుగు, గెంతు ప్రశ్నలకు పెద్దవాళ్లు జవాబు చెప్పకపోతే స్కోరు ఎలా వేయాలి?

నమస్కారం. హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ పీజీ చేస్తున్నాను. ఆసుపత్రికి వచ్చే పేషెంట్లను కాకుండా, బోరబండ వైపు ఇళ్లలో ఉండే మామూలు జనం మోకాళ్లు ఎలా పనిచేస్తున్నాయో కూస్ (KOOS) ప్రశ్నావళితో, అంటే మోకాలి నొప్పి, ఇబ్బందుల గురించి మనిషినే అడిగే ప్రశ్నల పట్టికతో కొలుస్తున్నాను. (పార్కుల్లో అడగడం తేలికే, కానీ అక్కడికి నడవగలిగినవాళ్లే వస్తారు కదా.)

అందులో 42 ప్రశ్నలు, 5 భాగాలు. ఒక్కో భాగానికి 0 నుంచి 100 దాకా స్కోరు, 100 అంటే ఏ ఇబ్బందీ లేదని. చిక్కంతా ఆటల భాగంతోనే. గొంతుక్కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, పరుగు, గెంతడం, కాలు మెలితిప్పి తిరగడం, ఈ ఐదూ అందులోనే ఉన్నాయి. మనవాళ్లకు మొదటి రెండూ ఆటలు కావు. బట్టలు ఉతకాలన్నా, ఇండియన్ టాయిలెట్‌కు వెళ్లాలన్నా, నమాజు చేయాలన్నా రోజూ తప్పనివి. మిగతా మూడింటికి "ఈ వయసులో నేనెందుకు పరిగెత్తుతానమ్మా?" అంటున్నారు పెద్దమ్మలు. ఒక భాగంలో కనీసం సగం ప్రశ్నలకు జవాబు ఉంటేనే దానికి స్కోరు వేయాలి, లేకపోతే వదిలేయాలి. అలా వదిలేస్తే, నేను ముఖ్యంగా తెలుసుకోవాలనుకున్న పెద్దవయసు ఆడవాళ్లే లెక్కలోంచి పోతారు. నాకది అన్యాయం అనిపిస్తోంది.

"పరిగెత్తాల్సి వస్తే ఎంత కష్టం?" అని అడగొచ్చా? లేక అసలు ప్రశ్నలను ముట్టుకోకుండా, నేల మీద కూర్చుని లేవడం గురించి చివర్లో విడిగా అడిగి వేరే లెక్క వేయాలా?

ఇంకొకటి. చదవడం రానివాళ్లకు నేనే చదివి వినిపిస్తున్నాను. పక్కన కోడలుంటే అత్తగారు నొప్పి తగ్గించి చెబుతున్నారేమో అని టెన్షన్‌గా ఉంది. ఇంటింటి సర్వేలు చేసినవాళ్లు దీన్ని ఎలా దాటారో చెప్పండి, ప్లీజ్.