సీతాఫలం చెట్టుకి పూతే పూత, కాయ మాత్రం నిలవట్లేదు

హనుమకొండ పెరడు:
అందరికీ నమస్తే. మా పెరట్లో సీతాఫలం చెట్టుకి ఐదేళ్లు. బాలానగర్ రకం అంటు అని నర్సరీలో ఇచ్చారు. మనిషెత్తు దాటింది, ఆకు నిగనిగలాడుతోంది. పోయినేడూ ఈ ఏడూ ఏప్రిల్ నుంచి విరగబూసింది. కానీ పూలన్నీ రెండు మూడు రోజుల్లో గోధుమరంగుకి తిరిగి రాలిపోతున్నాయి. పొద్దున ఊడిస్తే చేటెడు పూలు. పోయినేడు దక్కినవి రెండే కాయలు, అందులో ఒకటి ఒక పక్క ఊరి, ఇంకో పక్క నొక్కుకుపోయి వంకరగా వచ్చింది. పక్కింటి పెద్దాయన డీఏపీ వేయమంటున్నారు. అత్తగారేమో గొడ్డు చెట్టు, కొట్టేయమంటున్నారు. రోజూ నీళ్లు పెడుతూనే ఉన్నాం. ఏం చేయమంటారు?

కర్నూలు:
ఎండకి రాలుతుంది మేడమ్. రోహిణి కార్తె పోనివ్వండి, మృగశిరలో నాలుగు చినుకులు పడితే దానంతటదే నిలుస్తుంది. మా చేను గట్టు మీద చెట్లకి ఎవరు ఏం చేశారని కాస్తున్నాయి?

మేడ మీద తోట:
నేను పొటాష్ వేశాను, ఏమీ మారలేదు. నాదీ ఇదే బాధ, జవాబు కోసం చూస్తున్నా.

పాలమూరు రైతు:
అమ్మా, చెట్టు కొట్టకండి. డీఏపీ కూడా వద్దు. ఆకు అంత బాగుందంటే తిండికి లోటు లేదు. ఇంకా ఎరువేస్తే ఇంకా ఆకే వస్తుంది.

మీరు చెప్పిన ఆ వంకర కాయలోనే జవాబుంది. సీతాఫలం మీద ఒక్కో కన్నూ పూవులోని ఒక్కో అండాశయం నుంచి వస్తుంది. పుప్పొడి అందిన వైపు ఊరుతుంది, అందని వైపు నొక్కుకుపోతుంది. అసలే అందకపోతే పూవు రాలిపోతుంది. మీ చెట్టుకి జరుగుతున్నది ఇదే.

ఈ పూవులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కానీ ఒకే వేళకి పనిచేయవు. ముందు ఆడ భాగం సిద్ధమవుతుంది, పొడి అంటుకునేలా దాని మీద జిగురు ఉంటుంది. పుప్పొడి రాలే సమయానికి ఆ జిగురు ఆరిపోతుంది. ఒక పూవు పొడి ఇంకో పూవుకి చేరాలి. తేనెటీగలు దీన్ని పెద్దగా పట్టించుకోవు, చిన్న చిన్న పెంకు పురుగులే లోపలికి దూరి మోస్తాయి. గట్ల మీద, గుట్టల మీద అవి ఉంటాయి. చుట్టూ సిమెంటు చేసిన పెరట్లో ఎక్కడి నుంచి వస్తాయి? కర్నూలు అన్న చెప్పినదీ నిజమే, గాలిలో తేమ ఉంటే జిగురు ఎక్కువసేపు నిలుస్తుంది. మే ఎండకి ఇట్టే ఆరిపోతుంది.

కాబట్టి ఆ పురుగు పని మీరే చేయండి. పిల్లలు బొమ్మలకు రంగులేసే సన్న బ్రష్ చాలు. పొద్దున ఆరు, ఏడు మధ్య చెట్టు దగ్గరికి వెళ్లి, మూడు రేకులూ బాగా విడిపోయిన పూలు చూడండి. కింద చిన్న గిన్నె పెట్టి వేలితో తడితే మీగడ రంగు పొడి రాలుతుంది. ఆ పూటే వాడేయాలి, రేపటికి దాచితే పనిచేయదు. తర్వాత రేకుల కొసలు అప్పుడప్పుడే విడుతున్న పూవు తీసుకుని, రేకుని మెల్లగా పక్కకు జరిపి, లోపల మెరిసే జిగురు మీద బ్రష్‌ని చుట్టూ తిప్పండి. ఒక వైపే రాస్తే మళ్లీ వంకర కాయే. రేకు విరిగినా పరవాలేదు, జిగురున్న ఆ నడిమి బొడిపె మాత్రం గీసుకుపోకూడదు. చేసిన పూవుకి దారం కట్టండి, లేకపోతే ఏది చేశామో మర్చిపోతాం.

పూత మీద ఉండగా పురుగుమందు కొట్టకండి. ఉన్న నాలుగు పురుగులూ పోతాయి.

హనుమకొండ పెరడు:
అన్నా, ఇన్నేళ్లుగా ఎవరూ ఈ మాట చెప్పలేదు! చెట్టుకున్న పూలన్నిటికీ చేయాలా? నీళ్లు ఎలా పెట్టాలి?

పాలమూరు రైతు:
అన్నీ వద్దు. లావు కొమ్మల మీద, దగ్గరగా ఉన్నవాటికి చేయండి. సన్న పుల్ల చివర కాయ నిలిచినా బరువు మోయలేదు. నీళ్లు రోజూ కొద్దికొద్దిగా కాకుండా, మట్టి పైన రెండంగుళాలు ఆరాక నిండా పెట్టండి. పాదులో ఎండుటాకు పరిస్తే తేమ నిలుస్తుంది. చలికాలంలో ఆకంతా రాలితే కంగారు పడకండి, దాని తీరే అంత. చిగురు రాకముందు, ఫిబ్రవరిలో ఎండుపుల్లలు తీసి కొమ్మలు కొంచెం కురచ చేయండి. కొత్త చిగురు మీదే పూత ఎక్కువ.

హనుమకొండ పెరడు (నెల తర్వాత):
22 పూలకి దారం కట్టాను. 13 నిలిచాయి, గోళీకాయంత అయ్యాయి! మొదటి నాలుగు రోజులు ఎక్కువగా పాడుచేశాను, మరీ విడిపోయిన పూలకి రాసినట్టున్నాను. ఇప్పుడు కాయల కాడ దగ్గర తెల్లగా దూదిలా ఉంది, చీమలు తిరుగుతున్నాయి. కోత ఎప్పుడో కూడా చెప్పండి.

మేడ మీద తోట:
అది పిండినల్లి. దాన్ని చెట్టెక్కించి కాపాడేది ఆ చీమలే. మొదలు చుట్టూ పాలిథిన్ కట్టి దాని మీద గ్రీజు పూయండి, బెరడు మీద నేరుగా వద్దు. కాయల మీద తెలుపుని నీళ్ల ధారతో కడిగి, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. నాకూ 6 కాయలు నిలిచాయి, పాలమూరు అన్న పుణ్యం.

పాలమూరు రైతు:
కోతకి దాదాపు నాలుగు నెలలు. కండ్లు తెరవాలి, అంటే కన్నుకీ కన్నుకీ మధ్య గాడి విచ్చుకుని లేత పసుపుకి తిరగాలి. అప్పుడు కోసి బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే కోస్తే పండదు, నల్లబడి రాయవుతుంది. చెట్టు మీదే మాగనిద్దామంటే ఉడుతలు మీకు మిగల్చవు. ఇంకోటి, గింజలు పేలకి మంచివని నూరి పిల్లల తలకి రాస్తారు కొందరు. కంట్లో పడితే చాలా ప్రమాదం, ఆ పని మాత్రం చేయకండి.