జనరేటర్ సైలెన్సర్ నుంచి నల్ల జిడ్డు కారుతోంది, ఇంజిన్ విప్పాల్సిందేనా?

హన్మకొండ హాల్:
ఫంక్షన్ హాల్‌లో 62.5 కేవీఏ డీజిల్ సెట్ ఉంది. కరెంటు పెద్దగా పోవడం లేదు కాబట్టి ప్రతి ఆదివారం పది నిమిషాలు లోడు లేకుండా నడిపి ఆపేస్తాం. ఈమధ్య సైలెన్సర్ జాయింట్ల దగ్గర నల్లగా జిడ్డు కారుతోంది, తెల్ల పొగ కూడా వస్తోంది. సిలిండర్లు అరిగి బోరుకు వచ్చింది, ఇంజిన్ దించాలి అంటున్నాడు మెకానిక్. పోయినేడు ఆయిల్ మార్చాక 40 గంటలు కూడా తిరగలేదు. పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట డీజిల్:
అన్నా, అప్పుడే బోరు పనికి ఒప్పుకోకండి. లోడు లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, ఆ మిగిలిందే మసితో కలిసి పొగ గొట్టంలో చేరి ఇలా కారుతుంది, దీన్నే వెట్ స్టాకింగ్ అంటారు. మీ సెట్ 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) మీద 50 కిలోవాట్లు ఇస్తుంది, అందులో కనీసం 30 శాతం, అంటే 15 కిలోవాట్ల లోడు పడాలి. వారం వారం ఖాళీగా తిప్పే బదులు నెలకోసారి ఆ లోడు మీద అరగంట నడపండి, చాలు. ఇప్పుడున్న జిడ్డుకైతే లోడు మెల్లగా పెంచుతూ 75 శాతం దాకా తీసుకెళ్లి రెండు మూడు గంటలు నడిపితే చాలావరకు కాలిపోతుంది. అప్పుడు సైలెన్సర్ బాగా వేడెక్కుతుంది, పక్కన కుర్చీలు, షామియానా గుడ్డలు ఉంచొద్దు, మనిషి దగ్గరే ఉండాలి. అప్పటికీ పొగ తగ్గకపోతే ఇంజెక్టర్లు, కంప్రెషన్ చూపించండి. బోరు మాట ఆ తర్వాతే.

వార్డు మెయింటెనెన్స్, కరీంనగర్:
ఆయిల్‌కు గంటలు ఒక్కటే చూడొద్దు సార్. మామూలుగా 250 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మీకు ఏడాదే ముందొచ్చింది. పైగా కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, డిప్‌స్టిక్ మీద లెవెల్ పెరిగినా డీజిల్ వాసన వచ్చినా వెంటనే మార్చేయండి, పెద్ద లోడు పెట్టకముందే. అవసరానికి సెట్ స్టార్ట్ కాలేదంటే నేను ముందు చూసేది బ్యాటరీనే. టెర్మినల్స్ తుడిచి బిగించండి, డిస్టిల్డ్ వాటర్ చూడండి. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలేయడం మర్చిపోకండి.

జమ్మికుంట జిన్నింగ్:
రేడియేటర్ కూడా చూసుకోండి. మా దగ్గర పత్తి దూది పట్టి రెక్కలు మూసుకుపోతాయి, లోడు పడగానే హీటెక్కి ఆగిపోతుంది.

హన్మకొండ హాల్:
థాంక్స్ అన్నా. మరి ఏసీలన్నీ ఒకేసారి ఆన్ చేయాలా?

కాజీపేట డీజిల్:
వద్దన్నా, ముందు ఐదు నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి ఒక్కొక్కటే వేయండి, ప్యానెల్‌లో ఆంప్స్ చూస్తూ. ఆపేటప్పుడు కూడా లోడు తీసేసి ఐదు నిమిషాలు తిరగనివ్వండి.