మా చిన్న పట్నపు మెథడిస్టు గుడి: మొదటి కుటుంబాల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న

అందరికీ వందనాలు. మెదక్ నుంచి సిద్ధిపేట వైపు వెళ్లే దారిలోని ఒక చిన్న పట్నం మాది. మా గుడికి త్వరలో వందేళ్లు నిండుతున్నాయి కాబట్టి దాని చరిత్రను పుస్తకంగా తేవాలని సంఘ పెద్దలు నిర్ణయించి, ఆ బాధ్యత నాకు అప్పగించారు. గోడలోని శిలాఫలకం మీద దొరల పేర్లున్నాయి గాని, రాళ్లు మోసి గుడి కట్టిన కుటుంబాల పేరు ఒక్కటీ లేదు. మా తాతమ్మ బతికున్నన్నాళ్లూ ‘మనది వెస్లీ మిషను’ అనేది. బోర్డు మీద సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అని ఉంది. వికారాబాద్‌లోని మా బంధువులేమో మెథడిస్టులంటే తామేనని చెబుతారు. అసలు మాది ఏ సంఘం, ఆ తొలి కుటుంబాలవారి పేర్లు ఎక్కడ వెతకాలి, తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

వందనాలండి. మీ తాతమ్మగారి మాటా నిజమే, బోర్డూ నిజమే. మన ప్రాంతానికి మెథడిస్టులు, అంటే జాన్ వెస్లీ మొదలుపెట్టిన ప్రొటెస్టెంటు శాఖవారు, రెండు దారుల్లో వచ్చారు. ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టు మిషను 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ సికింద్రాబాదుకు రావడంతో మొదలై, అక్కడి నుంచి సిద్ధిపేట, కరీంనగర్, మెదక్ వైపు విస్తరించింది. మెదక్‌లో పనిచేసిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కాలంలోనే పెద్ద గుడి కట్టారు. 1914లో పని మొదలై పదేళ్లు సాగగా, 1924 డిసెంబరు 25న దానిని ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆ పని ఎందరికో కూడు పెట్టిందని మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టు ఎపిస్కోపల్ మిషను వికారాబాద్, జహీరాబాద్, బీదర్ వైపు పనిచేసింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియన్ సంఘాలు అందులో చేరాయి, అమెరికన్ మెథడిస్టులు చేరలేదు. వారి సంఘమే 1981లో స్వయంపాలన పొంది ‘మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా’ అయింది.

ఈ తేడా మీ వెతుకులాటకు చాలా ముఖ్యం. వెస్లియన్ మిషను కాగితాలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ గ్రంథాలయంలో ఉన్నాయి. అమెరికన్ మెథడిస్టుల కాగితాలు న్యూజెర్సీలోని డ్రూ విశ్వవిద్యాలయం ఆవరణలో భద్రంగా ఉన్నాయి. బ్రిటన్‌లోని మెథడిస్టు శాఖలు 1932లో కలిసిపోయాయి కనుక, అంతకుముందు కాగితాలను ‘వెస్లియన్’ అన్న పేరు కింద వెతకండి.

రెండవ సమాధానం

లండన్ సంగతి తరువాత చూడవచ్చు, ముందు మీ అయ్యగారిని (పాస్టరుగారిని) అడిగి గుడి బీరువా తెరిపించండి. దొరలు రాసిన ఉత్తరాలలో మనవాళ్లు తరచుగా లెక్కలుగానే కనిపిస్తారు, మనుషుల పేర్లు ఉండేది బాప్తిస్మ రిజిస్టరులో. మా పాస్టరేట్‌లో (ఒక పాస్టరు కింద ఉండే సంఘాల్లో) నేను చూసిన పాత రిజిస్టరులో అంచులను చెదలు తినేసినా లోపలి గళ్లు చక్కగానే ఉన్నాయి: బాప్తిస్మం తేదీ, పేరు, తలిదండ్రుల పేర్లు, ఊరు, తండ్రి వృత్తి, బాప్తిస్మమిచ్చినవారి సంతకం. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నందున ఎల్లయ్యో ఇల్లయ్యో తేలక, ప్రతి పేరునూ పైకి చదివి పక్కనున్న పెద్దవారికి వినిపించాను. ఇంటిపేరు చాలా చోట్ల లేదు. పైగా ఎల్లయ్యగా వచ్చిన మనిషి ఆనాటి నుంచి యాకోబు అయిపోతాడు కాబట్టి, తండ్రి పేరు, ఊరు, వృత్తి మూడింటినీ కలిపి చూస్తే తప్ప మనిషి దొరకడు.

మెథడిస్టు సంఘాలకు ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నాయి, క్లాసు పుస్తకాలు, అంటే ‘క్లాసు’ అనే చిన్న జట్లలోని సభ్యుల జాబితాలు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక జట్టుగా చేసి, వారానికి ఒక్కొక్కరి దగ్గర ఒక పెన్నీ వసూలు చేసే ఏర్పాటు జరిగింది. జాన్ వెస్లీ దానినే ఆత్మీయ పరామర్శకు మార్గంగా మలిచాడు, అది సముద్రాలు దాటి మన వాడల దాకా వచ్చింది. అలాంటి జాబితా ఒక్కటి మిగిలి ఉన్నా, ఏ ఇల్లు ఏ ఇంటి పక్కనుండేదో కూడా మీకు తెలిసిపోవచ్చు.

మూడవ సమాధానం

ఒక్క మాట మనవి చేస్తాను. పుస్తకంలో ‘మొదటి కుటుంబం’ అని ఒకరి పేరే రాయకండి. మన వైపు బాప్తిస్మాలు చాలా ఊళ్లలో వాడలుగా, బంధువర్గాలుగా జరిగాయి. ఒకే రోజున ఇరవై ముప్ఫై మంది పేర్లు వరుసగా ఉంటే, వరుసలో ముందున్నవారే ముందు నమ్మినవారని చెప్పలేం. తొలి కుటుంబాలలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవారు, బేగారి (కూలి లేని వెట్టి) పనులు చేసినవారు. ఆ మాటను కప్పిపుచ్చకుండా గౌరవంగా రాయండి, అదే ఈ చరిత్రకు వెన్నెముక. బైబిలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన బైబిలు స్త్రీలనూ మరవకండి. గుడి స్థలం ఎవరిదో తెలియాలంటే తహసీల్ కార్యాలయంలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ (భూమి వివరాల రికార్డు) నకలు అడగండి. అంతకు పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి, వాటిలోని ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం సంవత్సరం వస్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఆరాధన ముగిశాక అయ్యగారు బీరువా తెరిచారు. క్లాసు పుస్తకం దొరకలేదు గాని, పెళ్లి రిజిస్టరు దొరికింది. అందులో మా తాతమ్మ పెళ్లి నమోదై ఉంది. ఆమె తండ్రి వృత్తి గడిలో ‘బేగారి’ అని, సాక్షుల గడిలో మూడు వేలిముద్రలు, ఒక్కొక్క ముద్ర పక్కన వేరొకరు రాసిన పేరు ఉన్నాయి. ఆ మూడు పేర్లనూ పుస్తకం మొదటి పుటలో వేయడానికి పెద్దలు ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం బాప్తిస్మ రిజిస్టరు తీస్తాము, పేర్లు పోల్చి చెప్పడానికి వాడలోని ముసలివాళ్లను కూడా రమ్మన్నాము.